గంటకు 120 కిలోమీటర్ల వేగం దాకా మడిచి ఉంచే కారు రెక్క, మనకు 80లో ఏం చేస్తుంది?

అనంతపురంలో, కర్నూలులో కార్ల సామాన్ల అంగళ్ల ముందు కాసేపు నిలబడితే ఈ మాట తప్పకుండా వినబడుతుంది: "వెనక వింగ్ పెట్టించన్నా, హైవేలో బండి రోడ్డుకు అతుక్కుంటుంది." కడప వైపు ఇంకో రకంగా చెప్తారు: "నూరు దాటితే బండి తేలిపోతాది, వింగుంటే తేలదు." సెకండ్ హ్యాండ్‌లో పోలో జీటీయో, పాత సివిక్కో కొన్న కుర్రవాళ్లు ముందుగా ఖర్చు పెట్టేది చాలాసార్లు దీని మీదే.

ఆ మాటను ఒక్క వాక్యంతో కొట్టిపారేయలేం, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. వేగం పెరిగేకొద్దీ గాలి కారు వెనక భాగాన్ని పైకి లాగుతుంది. తిరగేసిన విమానం రెక్క లాంటి వింగ్ దాన్ని కిందికి నొక్కుతుంది. తేలాల్సింది ఎంత నొక్కుతుందన్నదే. ఎన్ని కిలోలు, ఏ వేగంలో, ఏ చక్రం మీద? అంగట్లో ఈ ప్రశ్న అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లూ లేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కంపెనీ నుంచి బండితో వచ్చిన చిన్న స్పాయిలర్‌ను తీయించకండి. అది చేసేది చిన్న పనే అయినా అసలైన పని. బయట కొని డిక్కీ మీద నిలబెట్టించే వింగ్ వల్ల మాత్రం మన రోజువారీ నడకలో పట్టు పెరగదు. బిగింపు సరిగా లేకపోతే ప్రమాదం కూడా.

స్విఫ్ట్, పోలో, ఐ20 ఎన్ లైన్ లాంటి బండ్లకు పైకప్పు చివర ఉండేది స్పాయిలర్. పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి 2019లో రావడం మొదలైన సెల్టోస్‌కూ పైన అదే ఉంటుంది. పైకప్పు మీద సాఫీగా వచ్చిన గాలి వెనక అద్దం మీదికి వంగకుండా ఒక పదునైన అంచు దగ్గర తెగిపోయేలా చూడటం దాని పని. గాలి ఎక్కడ విడిపోవాలో ఖాయమైతే పైకి లాగే బలం తగ్గుతుంది, చాలా బండ్లలో గాలి అడ్డు కూడా రోంత తగ్గుతుంది. వింగ్ అలా కాదు. రెండు కాళ్ల మీద ఎత్తుగా నిలబడి, పైనా కిందా గాలి పారితేనే పనిచేస్తుంది. నొక్కుతుంది, దానికి బదులుగా బండిని వెనక్కి లాగుతుంది.

లెక్క వేసి చూస్తే

రెక్క నొక్కే బలానికి సూత్రం తేలికే: గాలి సాంద్రతను వేగం వర్గంతో, రెక్క వైశాల్యంతో, దాని ఆకారానికి ఉండే గుణకంతో గుణించి సగం చేయాలి. పెద్దసైజు వింగ్ ఒకటి తీసుకుందాం. పొడవు 1.3 మీటర్లు, వెడల్పు 20 సెంటీమీటర్లు, వైశాల్యం 0.26 చదరపు మీటర్లు. గుణకం 1 అని ఉదారంగానే వేద్దాం. నిజానికి అలంకారానికి పోసిన ఫైబర్ వింగ్‌లు చాలావాటికి అంత రాదు. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.1 కిలోలు.

ఈ చివరి అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. పుస్తకాల్లో ఇచ్చే 1.225 సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల చల్లదనంలో ఉండే విలువ. అనంతపురం సుమారు 350 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో 40 డిగ్రీల ఎండకు ఇక్కడి గాలి 1.08 దాకా పలచబడుతుంది. అంటే అదే రెక్క మన ఎండాకాలంలో పుస్తకం లెక్క కంటే 12 శాతం తక్కువ నొక్కుతుంది.

ఇప్పుడు ఫలితాలు. ఊళ్లో 40లో పోతుంటే 1.8 కిలోలు. 80లో 7 కిలోలు. 100లో 11. 120లో 16. బోర్డులేవీ ఒప్పుకోని 140లో 22. 200కి పోతే 45. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది కాబట్టి రెక్క అసలు పనితనమంతా మనం వెళ్లని వేగాల దగ్గర పోగుపడి ఉంది.

మామూలు హ్యాచ్‌బ్యాక్ 1,100 కిలోలుంటే వెనక చక్రాల మీద 420 కిలోల దాకా పడుతుంది. దానికి 7 కలిపితే 1.7 శాతం. ఆ మేరకైనా పట్టు పెరుగుతుందా అంటే పూర్తిగా పెరగదు. టైరు మీద బరువు పెరిగినంత నిష్పత్తిలో పట్టు పెరగదు, రోంత వెనకబడుతుంది.

"డిక్కీలో 25 కిలోల సోనా మసూరి బస్తా వేసుకుంటే పోలా?" అని రెక్కను ఎగతాళి చేసేవాళ్లున్నారు. వాళ్ల మాట కూడా తప్పే. బస్తా టైరును నొక్కుతుంది, కానీ మలుపులో బండిని బయటికి తోసేదీ ఆ బస్తా బరువే. రెక్క నొక్కుడుకు బరువు లేదు. పట్టు ఇస్తుంది, మలుపులో భారం మోపదు. రేసు బండ్లకు అది అంత విలువైంది అందుకే. మన వేగంలో ఆ లాభం చేతికందనంత చిన్నది, అంతే తేడా.

తయారు చేసినవాళ్లే ఏమంటున్నారు

ఈ వాదనలో నాకు అన్నిటికంటే బలంగా కనబడేది లేచి మడుచుకునే స్పాయిలర్. పోర్షే బాక్‌స్టర్ మొదటి తరంలో వెనక స్పాయిలర్ 120 చేరాకే లేస్తుంది. ఆడి టీటీ రెండో తరంలో కూడా 120 దాటితే లేస్తుంది, 80కి దిగితే మడుచుకుంటుంది. మోటారు, స్విచ్చి, వేగాన్ని చూసే కంప్యూటరు, ఇంత ఖర్చు పెట్టి 120 లోపల దాన్ని లోపల దాచారంటే, ఆ వేగం కింద దానితో పనిలేదని కంపెనీ చేత్తోనే రాసిచ్చినట్టు. మన 44వ నంబరు జాతీయ రహదారి మీద బోర్డులు 80 అనో 100 అనో ఉంటాయి. ఆ బండ్లు ఇక్కడికి తెచ్చి నిబంధనల ప్రకారం నడిపితే డోన్ నుంచి పెనుకొండ దాకా స్పాయిలర్ ఒక్కసారి కూడా లేవదు.

80కే లేచిన బండి లేదా అంటే ఉంది. 1989లో వచ్చిన పోర్షే 911, 964 తరం. దానికి గాలితో చల్లబడే ఇంజను వెనకే ఉంటుంది. ఆ స్పాయిలర్ లేస్తే వెనక తేలడం తగ్గడంతోపాటు ఇంజనుకు గాలి కూడా బాగా అందుతుంది. ఇంజను ముందుండి, ముందు చక్రాలే లాగే మన బండ్లకు ఆ అవసరం లేదు.

ఇంకో కొసన పోర్షే 911 జీటీ3 ఆర్ఎస్, 992 తరం. 200లో 409 కిలోలు, 285లో 860 కిలోలు కిందికి నొక్కుతుందని కంపెనీ చెప్తుంది. అది ఒక్క వెనక రెక్క గొప్ప కాదు, ముందు బంపరు నుంచి అడుగు దాకా అన్నీ కలిసి చేసే పని. ఆ 409ని వర్గం లెక్కన 80కి దించితే 65 కిలోలు మిగులుతాయి. 1,450 కిలోల బండికి నాలుగున్నర శాతం. రేసు ట్రాకు కోసం పుట్టిన బండికే 80లో అంత మాత్రమైతే, అంగట్లో కొన్న ఫైబర్ ముక్క నుంచి ఎంత ఆశించాలి?

ఆడి టీటీ సంగతేంటి?

రెక్క కావాలనేవాళ్లు ఈ ఉదాహరణ తేకుండా ఉండరు. తేవాలి కూడా. 1998లో అమ్మకాలు మొదలైన మొదటి తరం టీటీకి వెనక స్పాయిలర్ లేదు. గుండ్రటి వెనక భాగం మీద గాలి అతుక్కుని కిందికి జారేది, దాంతో వెనక చక్రాలు తేలికయ్యేవి. జర్మనీ ఆటోబాన్ హైవేల మీద ప్రాణాలు పోయిన ప్రమాదాలు జరిగాక కంపెనీ బండ్లను వెనక్కి పిలిపించి డిక్కీ అంచున చిన్న స్పాయిలర్ పెట్టింది, సస్పెన్షన్ మార్చింది, స్థిరత్వం చూసే ఈఎస్‌పీ చేర్చింది.

ఆ చిన్న పట్టీ వల్ల తేడా వచ్చిందా? వచ్చింది. నేను దాన్ని కాదనను. కానీ వివరాలు చూడండి. ఇబ్బంది బయటపడింది 180 దాటిన వేగంలో, ఒక్కసారిగా లేన్ మారినప్పుడు, మలుపు కొట్టినప్పుడు. మందుగా పెట్టింది ఎత్తైన వింగ్ కాదు, డిక్కీ అంచుకు అతుక్కున్న చిన్న స్పాయిలర్. అదీ ఒంటరిగా పెట్టలేదు, సస్పెన్షన్‌ను, ఈఎస్‌పీని తోడిచ్చారు. కంపెనీ స్పాయిలర్‌ను తీయించొద్దని పైన అన్నది ఇందుకే. ఆ బండి ఆకారానికి అది ఎంత కావాలో గాలి సొరంగంలో, అంటే బండి మీదికి గాలి వదిలి పరీక్షించే గదిలో, పెట్టి చూసినవాళ్లు నిర్ణయించారు.

రెక్క ఎక్కడ నిలబడిందో చూడండి

పైన వేసిన 7, 11 కిలోల లెక్క రెక్కకు శుభ్రమైన గాలి తగిలితేనే. సెడాన్ డిక్కీ మీద పైకప్పు కంటే కిందికి బిగించిన వింగ్‌కు అది దొరకదు. వెనక అద్దం దగ్గరే గాలి విడిపోయి సుళ్లు తిరుగుతుంటే వింగ్ ఆ సుళ్లలో నిలబడి ఉంటుంది. అక్కడ నొక్కుడు సగానికి పడొచ్చు, ఇంకా కిందికీ పడొచ్చు.

మీ బండికి ఎలా ఉందో తెలుసుకోవడానికి గాలి సొరంగం అక్కర్లేదు. ఊలు దారం 10 సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించి, ఒక కొసను టేపుతో వెనక అద్దం మీద, డిక్కీ మీద, వింగ్ పైనా కిందా నాలుగు వేళ్లకొకటి అంటించండి. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద స్థిరంగా 80లో పోతుంటే, పక్క లేన్‌లో ఇంకో కారులో కూర్చున్నవాళ్లు ఫోన్‌తో వీడియో తీయాలి. నడిపేవాళ్లు తీయకూడదు. దారాలు వెనక్కి తిన్నగా పడుకుంటే అక్కడ గాలి సాఫీగా పారుతోంది. గిరగిరా తిరిగినా, ముందుకు మడతపడినా అది చచ్చిన గాలి. ముఖ్యంగా వింగ్ కింది వైపు దారాలు చూడండి. నొక్కుడు ఎక్కువగా పుట్టేది ఆ వైపే. కోణం మరీ నిటారుగా పెట్టిన వింగ్‌లలో అక్కడి దారాలు చెదిరిపోతుంటాయి. అంటే రెక్క నొక్కడం మానేసి, అడ్డుపలకలా గాలిని ఆపుతోంది.

ఇంకొకటి, వింగ్ ఉండేది వెనక ఇరుసుకు అవతల. వెనక ఇరుసు నుంచి 60 సెంటీమీటర్లు బయట, చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లు అనుకుంటే, 100లో 11 కిలోలు నొక్కినప్పుడు వెనక చక్రాల మీద 13.7 పడుతుంది, ముందు చక్రాల నుంచి 2.7 లేస్తుంది. లాగేదీ, తిప్పేదీ, బ్రేకులో ఎక్కువ పని చేసేదీ ముందు చక్రాలే. 2.7 కిలోలకు బండి అదుపు తప్పదు కానీ, "వింగ్ పెడితే స్టీరింగ్ గట్టిపడింది" అనే మాటకు ఆధారం మాత్రం లేదు.

ఆషాఢ గాలి, బ్రేకు దూరం

మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ చివర నుంచి ఆగస్టు దాకా నైరుతి నుంచి కొట్టే గాలికి హైవే మీద బండి పక్కకు నెట్టినట్టవుతుంది. రెక్క బలం స్పీడోమీటరు అంకెను బట్టి రాదు, దాన్ని తాకే గాలి వేగాన్ని బట్టి వస్తుంది. 80లో పోతూ 30 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే రెక్కకు 110 తగిలినట్టు, 7 కిలోల నొక్కుడు 13 అవుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వీపు వైపు నుంచి వస్తే రెక్కకు తగిలేది 50, నొక్కుడు మూడు కిలోల లోపు. రోజూ గుత్తి, అనంతపురం మధ్య తిరిగేవాళ్లు పోయేటప్పుడు ఒక బండి, వచ్చేటప్పుడు ఇంకో బండి నడుపుతున్నారన్నమాట, రెండింటికీ తేడా తెలియనంత చిన్న మోతాదులో.

పక్కగాలికి వింగ్ చివరి నిలువు పలకలు కొద్దిగా సాయపడతాయి, అది ఒప్పుకోవాలి. వెనక నిలువు తలం పెరిగితే బండి ముక్కు గాలి వైపు నుంచి పక్కకు తిరగడం తగ్గుతుంది. కానీ లారీని దాటగానే బండిని కుదిపేది మొత్తం బండి పక్కభాగం మీద పడే గాలి. దాని ముందు రెండు జానెడు పలకలు ఎంత? అక్కడ కావాల్సింది రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉండటం, వేగం 10, 15 తగ్గించడం.

బ్రేకు లెక్క కూడా చూడాలి, ఎందుకంటే అంగట్లో ఎక్కువ అమ్ముడుపోయే మాట "బ్రేకు వేస్తే నిలబడుతుంది" అన్నదే. పొడి రోడ్డు మీద మంచి టైర్లతో 100 నుంచి ఆగడానికి సుమారు 49 మీటర్లు పడుతుంది. మొదట్లో 11 కిలోల నొక్కుడు 1,100 కిలోల బండికి ఒక శాతం. బండి నెమ్మదించేకొద్దీ అదీ కరిగిపోతుంది కాబట్టి సగటున అర శాతం. ఆగే దూరంలో తగ్గేది జానెడు. బ్రేకు మీదికి కాలు పోవడానికి ఒక్క సెకను ఆలస్యమైతే అప్పటికే 28 మీటర్లు పోయి ఉంటాం.

గాలి అడ్డుకు చెల్లించేది పెట్రోలుతోనే. మంచి ఆకారమున్న రెక్క కూడా నొక్కే బలంలో ఆరో వంతు వెనక్కి లాగుతుంది అనుకుంటే, 100లో ఆ బండికి మొత్తం నిరోధం సుమారు 4 శాతం పెరుగుతుంది. లీటరుకు 18 ఇచ్చే బండి 17.5 దగ్గర ఆగుతుంది. గువ్వలచెరువు ఘాట్‌లో 30, 40లో ఎక్కుతున్నప్పుడు లాభమూ లేదు, నష్టమూ లేదు, డిక్కీ మీద ఉత్త బరువు.

బిగింపులో జరిగేవి

1969 మే 4న బార్సిలోనా మాంజుయిక్ ట్రాకు మీద లోటస్ జట్టు ఫార్ములా వన్ బండ్లు రెండింటికీ ఎత్తైన వెనక రెక్కలు విరిగాయి. గ్రాహం హిల్, యోఖెన్ రింట్ ఇద్దరూ ఒకేచోట రోడ్డంచు కమ్మీని గుద్దుకున్నారు. తర్వాతి మొనాకో రేసులోనే ఎత్తు రెక్కలను నిషేధించారు. ప్రపంచంలో బాగా తెలిసినవాళ్లు బిగించినవే విరిగినప్పుడు, డిక్కీ రేకుకు నాలుగు రంధ్రాలు కొట్టి అరగంటలో ముగించే పనిని ఎంత నమ్మాలి?

డిక్కీ మూత రేకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. దానికి నేరుగా బోల్టు వేస్తే, మూత కొట్టి వేసిన ప్రతిసారీ రంధ్రం చుట్టూ రేకు వంగి లేస్తుంది. ముందు పెయింటు వెంట్రుకవాసిగా పగులుతుంది, తర్వాత రేకు. కొట్టిన రంధ్రానికి ప్రైమర్ పూయకపోతే రెండు వానాకాలాలకు తుప్పు. సీలెంట్ లేకపోతే నీళ్లు లోపలికి దిగి స్టెప్నీ కింద నిలుస్తాయి, వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు. మూతను ఎత్తి పట్టే గ్యాస్ స్ట్రట్లున్న డిక్కీకి మూడు నాలుగు కిలోలు పెరిగితే మూత పైన నిలబడదు, సామాను తీస్తున్నవాళ్ల తలమీదికి దిగుతుంది. ఎత్తు సరిగా చూడకపోతే వింగ్ పలక సరిగ్గా వెనక అద్దం మధ్యలోకి వచ్చి, మిర్రర్‌లో వెనక వచ్చే మోటార్‌సైకిల్ హెడ్‌లైటును కప్పేస్తుంది. అద్దంలోని మూడో బ్రేకు లైటు కూడా అలాగే వెనకవాళ్లకు కనబడకుండా పోతుంది.

ఎలాగైనా పెట్టించాలనుకుంటే కనీసం ఇవి అడగండి. రేకు లోపలి వైపు ప్రతి బోల్టుకూ వెడల్పాటి లోహపు పలక ఉండాలి. రంధ్రం అంచు ఆకురాయితో రుద్ది, జింక్ ప్రైమర్ పూసి, ఆరాకే బోల్టు వేయాలి. చుట్టూ పాలీయురితేన్ సీలెంట్ పెట్టాలి. సులువుగా ఊడని నట్లు వాడాలి. వారం తిరిగాక ఒకసారి బిగింపు చూడాలి. డిక్కీ అంచుకు అతుక్కునే చిన్న లిప్ స్పాయిలర్‌నైతే రెండువైపుల టేపుతో అంటించొచ్చు. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, రేకు కాలిపోయేంత వేడిగా ఉన్నప్పుడు అంటించకూడదు, గట్టిగా నొక్కాలి. మంచి టేపుకు పూర్తి బలం రావడానికి 72 గంటలు పడుతుంది, అప్పటిదాకా ప్రెషర్ వాష్ వద్దు. కడపలో మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండి రేకు మీద చేసిన పని ఊడి రావడానికి ఆ వేడే కారణం.

చట్టం సంగతి: రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, జైలు శిక్ష కూడా వేసే వీలు వచ్చింది. వింగ్ ఆ కిందికి వస్తుందా అన్నది రోడ్డు మీద ఆపిన అధికారితో వాదించుకోవాల్సిన సంగతి. బీమా కంపెనీకి ముందుగా చెప్పకపోతే వింగ్ పోయినా డబ్బు రాదు.

అందం కోసమైతే

"పట్టు కోసం కాదు, చూడటానికి బాగుంటుందని" అనేవాళ్లతో నాకు తగాదా లేదు. బండి మీద ఇష్టం ఉండటం మంచిదే, ఇష్టమున్నవాళ్లే టైరు గాలి కూడా చూసుకుంటారు. వాళ్లకు చెప్పేది ఒక్కటే, నిలబడే వింగ్ బదులు కంపెనీ చేసే లిప్ స్పాయిలర్ తీసుకోండి. బరువు తక్కువ, అద్దం కనబడుతుంది, రేకుకు రంధ్రం అక్కర్లేని రకాలున్నాయి.

నాకు దిగులు కలిగించేది రెండో రకం, వింగ్ ఉందన్న ధైర్యంతో 100 వెళ్లే మలుపులో 120 వెళ్లేవాళ్లు. మామూలుగా ఆ బండి టైర్లు చూస్తే సంగతి తెలుస్తుంది. గాడిలోపల 1.6 మిల్లీమీటర్ల గుర్తుకు రబ్బరు సమానమైపోయి ఉంటుంది. పక్కగోడ మీద అచ్చులో చివరి నాలుగు అంకెలు 2317 అని ఉంటే అది 2017లో 23వ వారం తయారైన టైరు, మన ఎండకు ఎప్పుడో రాయిలా గట్టిపడి ఉంటుంది. కర్నూలు, ఆళ్లగడ్డ వైపు వానాకాలంలో ట్రాక్టర్ చక్రాల నుంచి నల్లరేగడి రోడ్డు మీద పడి జిగటగా పరుచుకుంటుంది. ఆ మట్టి మీద టైరు పట్టు సగం కూడా మిగలదు. సగం పోయిన చోట ఒక్క శాతం చేర్చి ఏం లాభం?

వింగ్‌కు, దాని పెయింటుకు, బిగింపు కూలికి పెట్టే డబ్బు ముందు రెండు టైర్లకు పెడితే తడి రోడ్డు మీద తేడా మొదటి రోజే తెలుస్తుంది. గాలి పొద్దున్నే, బండి కదపకముందు, డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీదున్న అంకె ప్రకారం పట్టించాలి. టైరు ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం హైవే మీద 33 కాస్తా 38 చూపిస్తే భయపడి గాలి తీసేయకండి. చల్లారాక అది 28కి పడి, మర్నాడు టైరు అంచులు అరిగిపోతూ ఇంకా వేడెక్కుతుంది. ఏ 5,000 కిలోమీటర్లకో ఒకసారి చక్రాల అలైన్‌మెంట్ చూపించాలి, గుంతలో గట్టిగా పడితే వెంటనే.

ఇప్పటికే వింగ్ బిగించి ఉంటే పలకను రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. రేకుతో కలిసి కదిలితే తీసేయాల్సిందే. హైవే మీద ఊడితే దెబ్బ తగిలేది వెనక వచ్చే రెండు చక్రాల బండివాళ్లకు. టేపుతో అంటించిందైతే హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి, కింద నైలాన్ దారం రంపంలా లాగితే పెయింటు లేవకుండా వస్తుంది. బోల్టులదైతే తీశాక రంధ్రాల చుట్టూ తుప్పు గీకి, ప్రైమర్ పూసి, రంధ్రం మూసే రబ్బరు గ్రోమెట్ గట్టిగా దిగేలా పెట్టి, లోపలి వైపు సీలెంట్ వేయండి. మరుసటి రోజు డిక్కీ మూత మీద బకెట్ నీళ్లు పోసి, స్టెప్నీ ఎత్తి కింద తడి ఉందేమో చేయి పెట్టి చూడండి.